తడి చెయ్యి

మా చిన్నన్నయ్యని వీధిలో అందరూ ‘తడిగుడ్డ’ అనేవాళ్ళు. ఎదురుగా కాదులెండి, ఎదురుగా ‘చిన్న మాస్టారూ’ అనే పిలిచేవాళ్ళు. మా పెద్దన్నయ్య ‘కత్తి మాస్టారు’. ఒకే సెలూను, ఒకే పొడుగాటి అద్దం, రెండు కుర్చీలు, ఇద్దరు అన్నదమ్ములు. ఒకడికి కత్తి పేరొచ్చింది, ఇంకొకడికి గుడ్డ పేరొచ్చింది. ఆ గుడ్డలన్నీ కుట్టిందీ ఉతికిందీ ఆరేసిందీ నేనే కాబట్టి ఈ సంగతి చెప్పే హక్కు నాకుంది. నచ్చనివాళ్ళు చెవులు మూసుకోవచ్చు.

షాపు వెనక రెండు గదుల్లో నేనూ చిన్నన్నయ్యా ఉండేవాళ్ళం. మొగుడితో పొసగక నేను తిరిగొచ్చేశాను. చిన్నన్నయ్య అసలు పెళ్ళే చేసుకోలేదు. పై అంతస్తులో పెద్దన్నయ్య. వదిన పోయాక ఆయన ఒక్కగానొక్క కూతురూ, అల్లుడూ వచ్చి ఆయన దగ్గరే చేరారు. మా వంటగదికీ షాపుకీ మధ్య ఒక గుమ్మం, దానికో తెర. నేను పొయ్యి మీద నీళ్ళు కాచి, తెర జరిపి అందించేదాన్ని. అందించి వెంటనే వెనక్కి వచ్చేదాన్ని కాదు. నా బతుకులో సగం ఆ గుమ్మంలో నిలబడి షాపులోకి చూడ్డంతోనే గడిచింది.

మా నాన్న రోజుల్లో ఆయనొక్కడే అన్నీ చేసేవాడు. ఒకసారి తడి చేత్తో కత్తి అందుకుంటే పిడి జారి ఒకాయన చెవి తెగింది. ఆయనకి పెద్దగా ఏమీ కాలేదు గానీ నాన్నకి తల కొట్టేసినట్టయింది. ఆ రోజు మా ఇంట్లో ఒక కట్టుబాటు పుట్టింది. తడి చెయ్యి కత్తి పట్టకూడదు, కత్తి చెయ్యి తడవకూడదు. కొడుకులిద్దరూ ఎదిగాక నాన్న పని పంచేశాడు. ముందు పుట్టాడు కాబట్టి కత్తి పెద్దాడికి. రెండోవాడికి మిగిలినవి గిన్నె, గుడ్డ, బ్రష్షు. ఎవరి చెయ్యి దేనికి పనికొస్తుందో చూద్దామని ఆయనకి తోచనే లేదు.

కత్తి అంటే పిచ్చి ఉన్నది మాత్రం చిన్నోడికే. చిన్నప్పుడు నన్ను గుమ్మంలో కూర్చోబెట్టి, బుగ్గల నిండా సబ్బు నురగ పూసి, చెంచా తిరగేసి దాంతో గీసేవాడు. నేను కళ్ళు మూసుకుని పెద్దమనిషిలా మెడ పైకెత్తేదాన్ని. “కదలకే, తెగుతుంది” అనేవాడు. చెంచాతో ఏం తెగుతుంది! అయినా ఊపిరి బిగబట్టి కూర్చునేదాన్ని. ఓ రోజు నాన్న చూశాడు. చెంచా లాక్కుని వాడి వీపు విమానం మోత మోగించాడు. “తడి చేత్తో పట్టుకోవద్దని చెప్పలేదూ?” అన్నాడు. చెంచా అన్న సంగతి కూడా ఆయనకి పట్టలేదు. వాడు మళ్ళీ నా బుగ్గల జోలికి రాలేదు.

గడ్డం నున్నగా గియ్యడం అంటే కత్తి గొప్పతనం అనుకుంటారు జనం. కత్తి ఆఖర్న వచ్చి పేరు కొట్టేస్తుంది, అంతే. అసలు పనంతా అంతకుముందే అయిపోతుంది. కుర్చీలో మనిషి కూర్చోగానే మా చిన్నన్నయ్య ముందు ఉత్త వేళ్ళతో వాడి దవడ తడిమేవాడు. వెంట్రుక ఎటు వాలి ఉందో చూసుకునేవాడు. బుగ్గ మీద కిందికి వాలుతుంది, మెడ దగ్గర పక్కకి తిరుగుతుంది, కొందరికి దవడ కింద సుడి ఉంటుంది. తర్వాత నీళ్ళు. నీళ్ళు మరగకూడదు. వేలు పెడితే చురుక్కుమనాలి గానీ తియ్యబుద్ధి కాకూడదు. అందులో గుడ్డ ముంచి, గట్టిగా పిండి, ముక్కు వదిలేసి మొహం అంతా కప్పేవాడు. అది చల్లారకముందే ఇంకోటి. మొండి గడ్డమైతే ఇంకోటి. “తొందరపడకండి బాబూ, చర్మం తాగాలి” అనేవాడు. వెంట్రుక నీళ్ళు తాగి ఉబ్బాక ఓ చుక్క నూనె అరచేతిలో రాసుకుని అద్దేవాడు. అప్పుడు నురగ. బ్రష్షుని చుట్లు చుట్లుగా తిప్పుతూ, వాలుకి ఎదురు తోసి వెంట్రుకల్ని లేపి నిలబెట్టి, మళ్ళీ వాలులోకి పడుకోబెట్టేవాడు.

ఇదంతా అయిందని వాడికెలా తెలిసేదో చెప్పనా? చెవితో. బొటనవేలితో దవడ మీద ఒక్కసారి రాస్తాడు. గరుకుమని చప్పుడొస్తే ఇంకా కాలేదు. చప్పుడు రాకపోతే పక్కకి జరిగి, “అన్నయ్యా, ఇంక కానీ” అనేవాడు.

అప్పుడు వచ్చేవాడండీ మా పెద్దన్నయ్య. ఇస్త్రీ చొక్కా, పొడి చేతులు. తోలుపట్టీ మీద కత్తిని రెండు వైపులా చప్పుడయ్యేలా నూరి, ఇటు నాలుగు అటు నాలుగు గీతలు గీస్తే పని అయిపోయేది. కూర్చున్నవాడు అద్దంలో బుగ్గ నిమురుకుని, “మాస్టారూ, మీ చెయ్యి వెన్నపూస!” అనేవాడు. పెద్దన్నయ్య నవ్వి కత్తి తుడుచుకునేవాడు. చిన్నన్నయ్య అప్పటికే అటు తిరిగి రెండో కుర్చీలో ఇంకొకడి మొహం తడుపుతూ ఉండేవాడు. వాడి వీపే కనిపించేది నాకు ఎప్పుడూ.

వారానికోసారి షాపు తెరవకముందు చిన్నన్నయ్య తన మొహం తనే తడుపుకుని కుర్చీలో వాలేవాడు. పెద్దన్నయ్య వాడికి గడ్డం గీసేవాడు. వాడు ఆ కుర్చీలో కూర్చునేది అప్పుడు మాత్రమే. కళ్ళు మూసుకుని ఎంత హాయిగా ఉండేవాడో! నాన్న పోయాక ఒకసారి అలా గీస్తూనే పెద్దన్నయ్య మాటిచ్చాడు. నేను నీళ్ళ గిన్నెతో అక్కడే ఉన్నాను.

“నా చెయ్యి వణికిన రోజున ఈ కత్తి నీదేరా చిన్నోడా. ఈ కుర్చీ కూడా నీదే.”

“నాన్న అన్న మాటో?” అన్నాడు చిన్నన్నయ్య కళ్ళు తెరవకుండానే.

“అప్పుడు నువ్వు తడి పని మానేస్తావు కదా. చెయ్యి ఆరితే దోషం లేదు.”

ఆ ఒక్క మాట పట్టుకుని బతికాడు మా వాడు. దాని గురించి ఎవరితోనూ అనేవాడు కాదు. కానీ మధ్యాహ్నం షాపు ఖాళీగా ఉన్నప్పుడు, నీళ్ళలో నాని ముడతలు పడ్డ వేళ్ళని ఎండలో పెట్టి ఆరబెట్టుకుంటూ కూర్చునేవాడు. కత్తి పట్టే రోజుకి చెయ్యి సిద్ధం చేసుకోవడం అది. చూస్తుంటే నాకు నవ్వూ వచ్చేది, ఏడుపూ వచ్చేది.

ఆ రోజు రానే వచ్చింది. పెద్దన్నయ్య చెయ్యి వణికింది. మొదట టీ గ్లాసు దగ్గర చూశాను, తర్వాత తోలుపట్టీ దగ్గర. ఆయన “చలికి” అన్నాడు. ఉక్కపోతలో ఉన్నాం అప్పుడు. నాకు అర్థమైంది, చిన్నన్నయ్యకి నాకంటే ముందే అర్థమైంది. అర్థమయ్యాక ఆ పిచ్చిమాలోకం ఏం చేశాడో తెలుసా? గుడ్డ ఇంకోటి ఎక్కువ వేశాడు. నురగ ఇంకాసేపు తిప్పాడు. చెయ్యి ఎంత వణికినా కత్తిని నొక్కాల్సిన అవసరం లేకుండా, ఆనితే చాలు జారిపోయేంత మెత్తగా తయారు చేసి పెట్టడం మొదలెట్టాడు. వచ్చినవాళ్ళు ఇంకా మెచ్చుకున్నారు. “మాస్టారూ, వయసు పెరిగేకొద్దీ మీ చెయ్యి ఇంకా మెత్తబడుతోందండీ!” అన్నారు. నా ఒళ్ళు మండిపోయింది.

ఆ సాయంత్రం అన్నం పెడుతూ అడిగేశాను. “నీకు బుద్ధుందా? వారం రోజులు తడి తగ్గించు. కత్తి దానంతటదే నీ చేతికొస్తుంది.”

“తగ్గిస్తే మొహాలు తెగుతాయే.”

“తెగనీ!”

“వచ్చి కూర్చున్నవాడు ఏం పాపం చేశాడు?” అన్నాడు. అన్నం కలుపుకుంటూ, “అన్నయ్యే ఇస్తాడులే. మాటిచ్చాడుగా. అడిగి తీసుకుంటే ఏం బాగుంటుంది?” అన్నాడు.

నోట్లో నాలుక లేనివాడు అంటే వీడే. చివాట్లు పెట్టీ పెట్టీ నా నోరే నొప్పి పుట్టింది.

పెద్దన్నయ్య కత్తి ఇచ్చాడు. నిజంగానే ఇచ్చాడు. ఓ పొద్దున అల్లుణ్ణి వెంటబెట్టుకుని షాపులోకి దిగాడు. ఈ అల్లుడు అంతకుముందు ఫోన్ల కవర్లు అమ్ముకునేవాడు. అది సాగక, ఎక్కడో కొన్నాళ్ళు కటింగులు నేర్చుకున్నానని చెప్పి ఇంట్లో కూర్చున్నాడు. షాపులో పాత ఖాతాదార్లు నలుగురైదుగురు ఉన్నారు. వాళ్ళందరి ముందూ కత్తి అల్లుడి చేతిలో పెట్టి, “ఇంక నాకు ఓపిక లేదు. ఇకనుంచి ఈ కుర్చీ మా అబ్బాయిది” అన్నాడు. తమ్ముడి వైపు తిరిగి ఆయన అన్న మాట నా చెవుల్లోంచి ఇప్పటికీ పోలేదు.

“చిన్నోడా, నీళ్ళు కాగాయా? మా అల్లుడి చేతి మొదటి గడ్డం నువ్వే తడపాలిరా. నీ చెయ్యి మంచిది.”

తడిగుడ్డతో గొంతు కోశాడంటారే, అలా కోశాడు మా అన్నయ్య, అందరూ చూస్తుండగా నవ్వుతూ. చిన్నన్నయ్య నా వైపు చూశాడు. ఇంకో క్షణమైతే నేను నీళ్ళ గిన్నె నేలకేసి కొట్టి ఉండేదాన్ని. వాడు వచ్చి నా చేతిలోంచి అందుకున్నాడు. ఎప్పటిలాగే తడిపాడు, ఎప్పటికంటే శ్రద్ధగా తడిపాడు. అల్లుడు గీశాడు. కత్తి బుగ్గ మీద నున్నగా జారిపోయింది. జారక ఏం చేస్తుంది?

“మావగారి చెయ్యే దిగిందయ్యా నీకు!” అన్నారు ఆ పెద్దమనుషులు.

ఆ రోజునుంచి చిన్నన్నయ్య గడ్డం పెంచాడు. ఎవరి చేతా గీయించుకోలేదు. వచ్చినవాళ్ళు ఎగతాళి చేశారు. “సెలూన్లో పనిచేస్తూ ఆ గడ్డమేంటి చిన్న మాస్టారూ, షాపు పరువు తియ్యడానికా?” అనేవాళ్ళు. వాడు నవ్వేసి వాళ్ళ మొహాలు తడిపేవాడు. నేను పెద్దన్నయ్యని నిలదీశాను, దాపరికం ఎందుకు. ఆయన నీళ్ళు నమిలాడు. “వాడికి పెళ్ళా పిల్లలా? ఆ కత్తి వాడి తర్వాత ఎవరికి పోతుంది? అల్లుడికి ఇస్తే నా కూతురు కళ్ళ ముందుంటుంది” అన్నాడు. “అయినా వాడేమీ అనలేదు కదా, నీకెందుకు మధ్యలో?” అన్నాడు. వాడేమీ అనకపోవడమే ఆయనకి పెద్ద సదుపాయం అయిపోయింది.

ఆ తర్వాత వాడికి జ్వరం వచ్చి కొన్నాళ్ళు మంచం దిగలేదు. అల్లుడు తనే నీళ్ళు చిలకరించి, నురగ పులిమి, ఒకాయన దవడ కింద సుడి దగ్గర కోసిపెట్టాడు. చొక్కా కాలరంతా రక్తం. పటిక అద్దినా ఆగలేదు. ఆయన అల్లుణ్ణి తిట్టాడా? లేదు. “ఆ తడిగుడ్డ సరిగ్గా తడపలేదు” అని వీధంతా చెప్పుకున్నాడు. మంచంలో పడున్న మనిషి మీద! నేను తెర జరిపి ఆయనకి నాలుగు వడ్డించాను. అవతలివాళ్ళు నాకే నోటిదురుసు అన్నారు. అననీ.

ఇక అల్లుడికి ఒకటి అర్థమైంది, ఈ చిన్నమామయ్య లేకపోతే తన కత్తి తెగదని. తెగదంటే మొహాలు తెగుతాయని. అలాగని నేర్చుకుందామనుకునే రకం కాదు. స్ప్రే డబ్బాలో వచ్చే నురగ తెచ్చాడు, వాడి పారేసే బ్లేళ్ళు తెచ్చాడు. “ఇంక నీళ్ళూ గుడ్డలూ అక్కర్లేదు చిన్నమామయ్యా, మీరు కూర్చోండి” అన్నాడు. మంచిగానే అన్నాడు పాపం. చిన్నన్నయ్య కూర్చున్నాడు. టవళ్ళు మడతపెట్టడం, నేల తుడవడం మిగిలాయి. నాన్న కత్తి ఎవరికీ అక్కర్లేక పై అంతస్తులో పెద్దన్నయ్య దిండు కిందికి చేరింది.

కొన్నాళ్ళకి పెద్దన్నయ్యకి పక్షవాతం వచ్చింది. కుడి వైపంతా పడిపోయింది. మాట ముద్దగా వచ్చేది. అల్లుడు వారానికోసారి పైకెళ్ళి, మంచం మీదే, డబ్బా నురగ కొట్టి, బ్లేడుతో గీకి వచ్చేవాడు. ఆ మొహం చూడలేకపోయేదాన్ని. మెడంతా ఎర్రగా పొక్కి, గీత గీతకీ మంట. నేను అన్నం తినిపిస్తుంటే చెంచా తగిలినా మూలిగేవాడు. ఊరందరి మొహాలకీ కత్తి పెట్టినవాడు తన మొహం దగ్గరికి ఎవరైనా వస్తే వణికిపోయేవాడు. ఓ రోజు అల్లుడి చెయ్యి ఎడం చేత్తో తోసేశాడు. నన్ను పిలిచి, దిండు కింద తడిమి, కత్తి బయటికి తీసి చూపించాడు.

“చిన్నోణ్ణి... పిలు. వాడే... చెయ్యాలి.”

“ఏం చెయ్యాలి? తడపాలా?” అన్నాను. నాలో విషం ఎక్కడికీ పోలేదు.

“గియ్యాలి. ఇది... వాడిదే. ఇంక.”

కిందికి దిగి చెప్పాను. చిన్నన్నయ్య మడతపెడుతున్న టవలు పక్కన పెట్టాడు. వాడి చెవులు ఎర్రబడ్డాయి, చిన్నప్పుడు ఎర్రబడ్డట్టే. “కత్తి ఇస్తానన్నాడా? తనే అన్నాడా?” అని మళ్ళీ మళ్ళీ అడిగాడు. లోపలికెళ్ళి ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. పాత గుడ్డలు ఎక్కడున్నాయని అడిగాడు. ఒక్కటీ పారెయ్యలేదు నేను. సంతోషంగా నీళ్ళు కాచాను. చెప్పుకోవడానికి సిగ్గేం లేదు, ఆ పూట నేను పెద్దన్నయ్యని కూడా క్షమించేశాను.

పైన కిటికీ దగ్గరికి మంచం జరిపించాడు, వెలుతురు కోసం. వేళ్ళతో ఆ పుండైన మెడని తడిమాడు. గుడ్డ వేశాడు, తీశాడు, ఇంకోటి వేశాడు. మంట ఉన్నచోట గుడ్డ ఆనించకుండా ఆవిరి మాత్రం తగిలేలా పట్టుకున్నాడు. నూనె అద్దాడు. బ్రష్షు అసలు బరువే లేనట్టు తిప్పాడు. పెద్దన్నయ్య మొహంలో బిగుతంతా పోయింది. సగం పడిపోయిన నోరు కూడా కాస్త నవ్వినట్టయింది. ఇన్నేళ్ళూ పక్కనే ఉండి ఆయన ఈ చేతి కింద ఒక్కసారీ కూర్చోలేదు. కళ్ళ నీళ్ళు నురగలోకి దిగాయి.

బొటనవేలితో దవడ రాసి చూశాడు చిన్నన్నయ్య. చప్పుడు లేదు. “అన్నయ్యా, ఇంక కానీ” అనబోయి ఆగాడు. పక్కకి జరగాల్సిన పని లేదు ఇప్పుడు.

“కానీ...రా” అన్నాడు పెద్దన్నయ్య.

చేతులు తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. వేలు వేలూ ఆరబెట్టుకుని కత్తి తెరిచాడు. బుగ్గ మీద ఆనించాడు. కత్తి నిటారుగా నిలబెట్టాడు. పడుకోబెట్టాలి, చర్మానికి దాదాపు ఆనుకుని ఉండాలి. తెర పక్కన నిలబడి చూసిన నాకే తెలుసు ఆ సంగతి. వాడికి తెలీదు. చెయ్యి వణకలేదు, కానీ ఎటు లాగాలో దానికి తెలియడం లేదు. అలాగే పట్టుకుని నిలబడిపోయాడు.

“నాకు రాదన్నయ్యా” అన్నాడు.

పెద్దన్నయ్య కళ్ళు తెరిచాడు. “ఇన్నాళ్ళూ... చూశావు...గా.”

“ఎక్కడ చూశాను? నువ్వు కత్తి తెరిచేసరికి నేను రెండో కుర్చీ వైపు తిరిగి ఉండేవాణ్ణి. నాకు గీసినప్పుడు కళ్ళు మూసుకునేవాణ్ణి.” కోపంగా కూడా అనలేదు, ఏదో అప్పుడే తెలుసుకున్నవాడిలా అన్నాడు. “నేను గీసింది ఒక్క చెల్లి మొహమే. అదీ చెంచాతో.”

కత్తి మూసి అన్నయ్య ఎడం చేతిలో పెట్టాడు. వేళ్ళు దాని మీద మడిచాడు. మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

నురగ ఆరిపోతోంది. పెద్దన్నయ్య గుమ్మం వైపే చూస్తున్నాడు. “వాడికి... నిజంగా రాదా? లేక... కోపమా?” అని అడిగాడు నన్ను. కోపం అని చెప్పి ఉంటే ఆయనకి కొంచెం తేలికయ్యేదేమో.

“నిజంగా రాదు” అన్నాను.

తడిగుడ్డ తీసుకుని ఆ మొహం తుడిచాను. గడ్డం గడ్డంలాగే ఉంది. తుడుస్తూ బొటనవేలితో దవడ మీద రాసి చూశాను. చప్పుడు రాలేదు.